పన్నెండు నిమిషాల ఆలస్యం: ఒక పాత వార్డెన్ జవాబు

ప్రశ్న అడిగిన అమ్మాయిది కోనసీమ. హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం చేరింది. ఇంటర్ దాకా ఇంటి నుంచే చదివింది కాబట్టి హాస్టల్ ఇదే మొదలు. సాయంత్రం ఆరున్నరకి గేటు మూస్తారు. తొమ్మిదికి అటెండెన్స్. రాత్రి పదికి ఫోన్లు తీసుకుని పొద్దున ఆరుకి ఇస్తారు. నెలకి ఒక ఆదివారం అవుటింగ్, అదీ ఇంటి నుంచి ఫోన్ వస్తేనే. పోయిన వారం బస్సు దొరక్క పన్నెండు నిమిషాలు ఆలస్యమైతే వార్డెన్ అందరి ముందూ తిట్టి, నాన్నకి ఫోన్ చేశారట. నాన్నేమో "వాళ్లు చెప్పినట్టు విను" అన్నారట. సీనియర్ అక్కలు "రెండో ఫోన్ పెట్టుకో, పిన్ని ఇంటికని చెప్పి వెళ్లు, ఇక్కడ అందరూ చేసేది అదే" అంటున్నారట. సర్దుకోవాలా, గొడవ పెట్టుకోవాలా, ఖాళీ చేసి బయట ప్రైవేటు హాస్టల్‌కి పోవాలా అని అడుగుతోంది.

నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు తల్లీ. నీ వయసు పిల్లలతోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఇంటర్, డిగ్రీ, పీజీ కలిపి ఏడేళ్లు హాస్టళ్లలో ఉన్నాను. లెక్చరర్‌నయ్యాక తొమ్మిదేళ్లు అమ్మాయిల హాస్టల్‌కి డిప్యూటీ వార్డెన్‌గా చేశాను. గేటుకి లోపల నిలబడి ఏడ్చినదాన్నీ నేనే, ఆ గేటుకి తాళం వేయించినదాన్నీ నేనే. అందుకే నా మాటలు కొన్ని నీకు నచ్చవు, కొన్ని మీ వార్డెన్ గారికి నచ్చవు.

ముందు ఆ పన్నెండు నిమిషాల సంగతి చెబుతాను. నువ్వు గేటు బయట పరుగెత్తుతున్నప్పుడు లోపల ఏం జరుగుతుందో నీకు తెలియాలి. ఆరున్నర కాగానే వాచ్‌మన్ రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెడతాడు. బయటికి వెళ్లిన టైము రాసి, వచ్చిన టైము ఖాళీగా ఉన్న పేర్లు నాలుగైదు ఉంటాయి. ఇద్దరు ముగ్గురు ఆయాసపడుతూ వచ్చి సంతకం పెడతారు. ఒక్క పేరు మిగులుతుంది. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. రూమ్‌మేట్‌ని పిలిస్తే "తెలీదు మేడమ్" అంటుంది. దానికి తెలుసని నాకు తెలుసు, నాకు తెలిసిందని దానికీ తెలుసు, అయినా తెలీదనే అంటుంది. ఇంటికి ఫోన్ చేద్దామంటే, ఐదొందల కిలోమీటర్ల అవతల ఉన్న తండ్రి ఆ క్షణం నుంచి అన్నం ముట్టడు. చెయ్యకుండా ఊరుకుంటే, ఆ రాత్రి నిజంగానే ఏదన్నా అయితే, "ఆరున్నరకి రాని పిల్ల గురించి ఎనిమిదింటి దాకా ఏం చేస్తున్నారండీ?" అని పోలీసులూ, ప్రిన్సిపాలూ, ఆ తండ్రీ అడిగే మొదటి మనిషిని నేను. ఒకసారి ఇలాగే రాత్రి పదకొండింటి దాకా మెట్ల మీద కూర్చున్నాను. ఆ పిల్ల వాళ్ల మేనమామ పిల్లలతో సినిమాకి వెళ్లింది, ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది, అంతే. గేటు తీయగానే "హమ్మయ్య" అనాల్సిన నోటితో నలుగురి ముందూ అనకూడని మాటలన్నాను. అంతసేపూ పట్టిన భయం అలా బయటికొచ్చింది. ఆ పిల్ల మూడేళ్లూ నాతో మళ్లీ సరిగా మాట్లాడలేదు. తప్పు నాదే.

మీ వార్డెన్ చేసింది కూడా తప్పే. అడగాల్సినదేదో గదిలోకి పిలిచి అడగాలి. మీ నాన్నకి ఫోన్ చేయడం మాత్రం నేనైనా చేసేదాన్నేమో, కాకపోతే నువ్వు వచ్చేశాక చేసేదాన్ని కాదు. పిల్ల ఎదురుగా నిలబడి ఉండగా తండ్రికి ఫోన్ చేయడం జాగ్రత్త కిందికి రాదు, శిక్ష కిందికి వస్తుంది.

ఇక నువ్వు చేయగలిగినది. ఆరుంపావుకి ఒక్క ఫోన్. "మేడమ్, ఫలానా స్టాపులో ఉన్నాను, బస్సు రాలేదు, ఏడవుతుంది." అంతే. వివరణ వద్దు, క్షమాపణలు వద్దు. ఎక్కడున్నావు, ఎన్నింటికి వస్తావు, ఎవరున్నారు పక్కన. ఆ ఒక్క ఫోన్ వస్తే రిజిస్టర్లో నీ పేరు పక్కన నేను "7.00, ఫోన్ చేసింది" అని రాసుకుని టీ తాగేదాన్ని. వార్డెన్ నంబరూ, వాచ్‌మన్ నంబరూ ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకో. ఫోన్ చచ్చిపోయినప్పుడు ఆ చీటీయే పనికొస్తుంది, కండక్టర్నడిగినా ఫోన్ ఇస్తాడు. ఇలా రెండు మూడుసార్లు చెప్పిన టైముకి చెప్పినట్టు వచ్చిన పిల్లకి ఆ తర్వాత గేటు దగ్గర దక్కే మర్యాద వేరే. ఏ హాస్టల్లోనైనా కాగితం మీద ఉన్న రూలు ఒకటే అయినా, మనిషిని బట్టి అది సాగుతుంది. అన్యాయమే అనుకో. కానీ జరిగేది అదే.

మీ హాస్టల్ నోటీసు బోర్డు మీద రూల్స్ కాగితం ఉంటుందిగా, దాన్ని ఒకసారి నెమ్మదిగా చదువు. ఒకేసారి కూర్చుని ఆలోచించి రాసినట్టు ఉండదు. ఒక్కో లైను వెనక ఒక్కో ఏడాది జరిగిన ఒక్కో గొడవ ఉంటుంది. మా కాగితంలో "వరండాలో బకెట్లు పెట్టరాదు" అని ఉండేది. ఏదో ఏడు ఒక పిల్ల రాత్రిపూట తట్టుకుని పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. "టెర్రస్ మీద బట్టలు ఆరవేయరాదు" వెనక ఇంకో కథ. "శనివారం తలస్నానానికి వేడినీళ్లు 5.30 నుంచి 6.30 వరకే" అన్నది పాత బాయిలర్ రోజుల్లోది, బాయిలర్ పోయి సోలార్ వచ్చినా రూలు మాత్రం ఆరేళ్లు అలాగే ఉంది. ఎవరూ అడగలేదు, ఎవరూ తీయలేదు. జుట్టు విరబోసుకుని మెస్‌లోకి రాకూడదన్న రూలు ఒకటుండేది. కూరలో వెంట్రుకలు పడతాయని పెట్టారో, ఎవరో ఒక మేడమ్‌గారికి నచ్చక పెట్టారో, నేను ఎంత ఆరా తీసినా తేలలేదు. తీసేయించాను.

కాబట్టి ఏ రూలైనా ఒళ్లు మండించినప్పుడు, ఇది ఏ భయంలోంచి పుట్టింది, ఆ భయం ఇప్పటికీ ఉందా అని చూడు. ఉందంటే నోరు మూసుకుని పాటించు. భయం పోయి రూలు మిగిలిందంటే మార్పించు. అసలు భయమే లేకుండా నిన్ను తక్కువ చేయడానికే పెట్టారంటే ఊరుకోకు.

మొదటి రకానికి ఉదాహరణ కెటిల్. మీ అందరికీ కోపం తెప్పించే రూలు ఇది. రాత్రి పదకొండుకి ఇన్‌స్టంట్ నూడుల్స్ చేసుకుంటే ఈవిడ సొమ్మేం పోయిందని. మామూలు గదిలో ఉండే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. 1500 వాట్ల కెటిల్ మన 230 వోల్టుల కరెంటు మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఇండక్షన్ స్టవ్ అయితే 2000 వాట్ల దాకా పోతుంది. ఒక గదిలో ఒక్క కెటిల్‌కే ప్లగ్గు వేడెక్కుతుంటే, ఒక అంతస్తులో పది గదుల్లో ఒకేసారి పెడితే పాత వైరింగ్ ఏమవుతుందో ఇంజినీరింగ్ పిల్లవి, నీకు నేను చెప్పాలా? ఒక సెమిస్టర్ పరీక్షల ముందు రాత్రి మా రెండో అంతస్తు మొత్తం చీకటైపోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే కాలిన ప్లగ్గు, దాని పక్కనే మంచం కింద దాచిన కెటిల్. దాచింది కాబట్టి పరుపు దుప్పటి దానికి ఆనుకునే ఉంది. బకెట్లో పెట్టే హీటర్ రాడ్డు జోలికి అసలు పోవద్దు, తడి చేత్తో దాన్ని ముట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటి రూలుకి విరుగుడు దొంగతనంగా వాడటంలో లేదు. అంతస్తుకొక చోట 16 ఆంపియర్ల ప్లగ్గుతో ఒక కామన్ కెటిల్ పెట్టించమని అడగండి. మా దగ్గర అలాగే పెట్టించాం, దానికైన ఖర్చు ఒక నెల మెస్‌లో పారేసే ఉప్మా ఖర్చంత కూడా ఉండదు.

అడగడం అంటే గుర్తొచ్చింది. అడగడానికి ఒక పద్ధతి ఉంది, అది ఎవరూ నేర్పరు. అటెండెన్స్ టైములో, పదిమంది వెనక నిలబడి ఉండగా, "మేడమ్ రేపు అవుటింగ్" అంటే వార్డెన్ కాదనే అంటుంది. నీకు ఇస్తే పదిమందికీ ఇవ్వాలి. పొద్దున క్లాసులకి వెళ్లేముందు కానీ మధ్యాహ్నం కానీ ఒక్కదానివే వెళ్లు, చేతిలో కాగితంతో వెళ్లు. నోటిమాటగా అడిగితే వార్డెన్ ఆ భారం తన నెత్తిన వేసుకోవాలి. కాగితం ఇస్తే ఆవిడకి చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇంటికి వెళ్లేటప్పుడు చూడు. నీకు గౌతమి ఎక్స్‌ప్రెస్ రాత్రి బండి. ఆరున్నరకి గేటు మూసే హాస్టల్ నుంచి రాత్రి బండికి వెళ్లాలంటే అనుమతి తప్పనిసరి. శుక్రవారం సాయంత్రం బ్యాగు భుజాన వేసుకుని వెళ్లి అడిగితే ఇద్దరికీ టెన్షన్. బుధవారమే టిక్కెట్టు జిరాక్స్ జతచేసి, స్టేషన్ దాకా ఎవరితో వెళుతున్నావో, రాజమండ్రిలో ఎవరు దింపుకుంటారో నాలుగు లైన్లు రాసి ఇచ్చేయి. బండి ఎక్కాక ఒక మెసేజ్, ఇల్లు చేరాక ఒక మెసేజ్. ఈ రెండో మెసేజ్ పెట్టేవాళ్లు నా తొమ్మిదేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లు ఏమడిగినా నేను కాదనలేదు.

ఇప్పుడు అక్కల సలహా. పిన్ని ఇంటికని చెప్పి వేరే చోటికి వెళ్లడం. అబద్ధం పాపమని నేను చెప్పను. మేమూ ఆడాం. ఇంటర్లో మా హాస్టల్‌కి వచ్చే ఇన్‌లాండ్ లెటర్లన్నీ వార్డెన్ చింపి చదివాకే మాకు ఇచ్చేవారు. అందుకని మా అక్కకి వంటల పేర్లతో ఒక రహస్య భాష కనిపెట్టి రాసేదాన్ని. "ఇక్కడ కాకరకాయ పులుసు ఎక్కువగా పెడుతున్నారు" అంటే ఏడుపొస్తోందని అర్థం. కాబట్టి నీతులు చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఎక్కడికి వెళుతున్నావన్న దాని మీద అబద్ధం వేరు. బండి మీద నుంచి పడి ఏ ఆస్పత్రిలోనో ఉన్నావనుకో, వార్డెన్ కూకట్‌పల్లిలో లేని పిన్నికి ఫోన్ చేస్తూ ఉంటుంది. నీతో ఉన్నవాళ్లు దొరికిపోతామని నోరు విప్పరు. అంతకన్నా ఘోరం ఇంకొకటి చూశాను. ఒకమ్మాయి బయట చాలా ఇబ్బందిలో చిక్కుకుంది. ఫోన్ ఉంది, సిగ్నల్ ఉంది, నా నంబరు ఉంది. అయినా రెండు గంటలు ఎవరికీ ఫోన్ చేయలేదు. చేస్తే ముందు తను చెప్పిన అబద్ధం బయటపడుతుందని. చివరికి క్షేమంగానే వచ్చింది, కానీ ఆ రెండు గంటలూ తనకి సాయం అందకుండా ఆపింది తన అబద్ధమే. ఎవరికి చెప్పలేకపోయినా నీ గదిలో ఒక్క పిల్లకన్నా నిజమైన చోటు చెప్పి వెళ్లు. "తొమ్మిది దాటితే నువ్వు మేడమ్‌కి చెప్పేయి, నేనేమీ అనుకోను" అని ముందే మాట ఇచ్చి వెళ్లు. రూల్స్ ఎంత చెడ్డవైనా ఈ ఒక్క విషయంలో నా మాట విను.

రెండో ఫోన్ గురించి నాకు అంత పట్టింపు లేదు. దొరికితే పోయేది ఫోనే. కానీ ఆ డబ్బుకి అది చేసే మేలు తక్కువ. రాత్రి పది నుంచి ఆరు దాకా ఫోన్ లేకపోవడం మొదటి రెండు వారాలు పిచ్చెక్కిస్తుంది, తర్వాత నిద్ర పడుతుంది. నా అనుభవంలో ఫోన్ రూలుని అసహ్యించుకున్న పిల్లలే మూడో ఏడు వచ్చేసరికి, రాత్రి రెండింటి దాకా వీడియో కాల్ మాట్లాడే రూమ్‌మేట్ మీద కంప్లైంటు పట్టుకుని వచ్చేవాళ్లు. అలాగని పెద్దయిన పిల్లల ఫోన్లు లాక్కోవడం సరైనదని కాదు. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఇలాంటి కేసే చూసింది. కోజికోడ్ జిల్లాలో ఒక కాలేజీ అమ్మాయిల హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్ వాడకూడదన్నారు. ఒప్పుకోనన్న విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. ఇంటర్నెట్ అందుబాటులో ఉండటం చదువుకునే హక్కులోనూ, వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమని చెప్పి, ఆ అమ్మాయిని తిరిగి చేర్చుకోమంది కోర్టు. అక్కడ చదువుకునే వేళల్లో లాక్కున్నారు, మీ దగ్గర పడుకునే వేళల్లో తీసుకుంటున్నారు. అయినా రాత్రి ఎవరికైనా కడుపునొప్పి వస్తే ఇంటికి ఫోన్ చేసే దారేమిటి, ఫోన్ పోతే బాధ్యత ఎవరిది, అన్న రెండు ప్రశ్నలు మర్యాదగా అడిగే హక్కు మీకుంది. అంతస్తుకొక ల్యాండ్‌లైనో, ఫ్లోర్ ఇన్‌ఛార్జి దగ్గర ఒక ఫోనో ఉండాలి. లేదంటే ఆ రూలు సగమే ఆలోచించి పెట్టిన రూలు.

ఊరుకోకూడనివి కూడా చెప్పాలి. శిక్షగా భోజనం ఆపడం. ఒంట్లో బాగోలేదంటే నాటకమని డాక్టర్ దగ్గరికి పంపకపోవడం. చెయ్యి చేసుకోవడం. నీ ఫోన్ తెరిచి మెసేజ్‌లు చదవడం. నీ బట్టల మీదా, నీతో మాట్లాడే అబ్బాయిల మీదా, నీ కులం మీదా మాటలు. హాస్టల్ ఖాళీ చేస్తానంటే టెన్త్, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమని బెదిరించడం. ఈ చివరిది మన దగ్గర మామూలైపోయింది కానీ, ఏ కాలేజీ కూడా ఒరిజినల్స్ తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ, అంటే యూనివర్సిటీలకీ కాలేజీలకీ నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ, 2018లోనే స్పష్టం చేసింది. వీటిలో ఏది జరిగినా తేదీ, టైము, ఎవరు ఏమన్నారో ఒక నోటు పుస్తకంలో అదే రోజు రాసుకో. నెల తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పే మాటకీ, ఆ రోజే రాసుకున్న మాటకీ ప్రిన్సిపాల్ గదిలో చాలా తేడా ఉంటుంది. సీనియర్ల వేధింపులైతే ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. మగ సిబ్బంది ఎవరైనా తేడాగా ప్రవర్తిస్తే ప్రతి కాలేజీలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందులో ఉన్నవాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద ఉండాలి. లేకపోతే "కమిటీలో ఎవరున్నారండీ?" అని రాతపూర్వకంగా అడగడమే మంచి మొదలు.

ఇక ఆరున్నర గేటు. మీ కాలేజీ అబ్బాయిల హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో నువ్వు రాయలేదు. తొమ్మిదిన్నర అయి ఉంటుంది, లేదా అసలు మూయరు. యూజీసీ లైంగిక వేధింపుల నివారణ నిబంధనలు 2015వి, 2016 మేలో గెజిట్‌లో వచ్చాయి. భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్లలో అబ్బాయిలకి లేని రూల్స్ పెట్టకూడదని వాటిలో నేరుగా రాసి ఉంది. ఈ మాట తెలిసిన వార్డెన్లు తక్కువ, తెలిసినా చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. నాకే వార్డెన్ అయిన మూడో ఏడు, ఒక విద్యార్థిని ప్రింటు తీసి తెచ్చి ఇస్తే తెలిసింది. ఢిల్లీలో 2015లో అమ్మాయిలు 'పింజ్రా తోడ్' అని, అంటే పంజరం విరగ్గొట్టు అని, ఇదే విషయం మీద రోడ్డెక్కారు. కోజికోడ్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో అమ్మాయిలు రాత్రి 9.30 గేటు మీద హైకోర్టుకి వెళ్లారు. 2022 డిసెంబరులో కేరళ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి, రెండో ఏడాది నుంచి పైవాళ్లు 9.30 తర్వాత కూడా రిజిస్టర్లో రాసి లోపలికి రావచ్చంది, ఆ వేళలు అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒకటే చేసింది. వాళ్లు తొమ్మిదిన్నర మీద కోర్టుకి వెళ్లారు, మీది ఆరున్నర.

ఇది చదివి రేపే ఆ నిబంధనలు పట్టుకుని వార్డెన్ గదికి వెళ్లకు. ఫస్టియర్ పిల్ల ఒక్కతే వెళ్లి చట్టం మాట్లాడితే ఆ రోజు నుంచి నీకు ఒక పేరు పడుతుంది. మా దగ్గర గేటు ఆరున్నర నుంచి ఎనిమిదికి ఎలా మారిందో చెబుతాను. పిల్లలు "మాకు స్వేచ్ఛ కావాలి" అని రాయలేదు. "లైబ్రరీ రాత్రి 8 దాకా తెరిచి ఉంటుంది, మేము 6.30కి వచ్చేయాలి, అబ్బాయిలు మాత్రం 8 దాకా చదువుకుంటున్నారు, ల్యాబ్ రికార్డులు వాళ్లే ముందు పూర్తి చేస్తున్నారు" అని రాశారు. రెండో, మూడో, నాలుగో ఏడు పిల్లలు దాదాపు అందరూ సంతకాలు పెట్టారు, మొదటి సంతకం యూనివర్సిటీ ర్యాంకు వచ్చే పిల్లది. తెలివైన పని. ప్రిన్సిపాల్ గారు చదివి "నాకేం అభ్యంతరం లేదమ్మా, తల్లిదండ్రులు ఒప్పుకోరు" అన్నారు. అందరూ చెప్పే మాటే అది. సరే అడిగి చూద్దామని ఇళ్లకి ఫారాలు పంపాం. సగానికి పైగా ఒప్పుకుంటూ వచ్చాయి. ఒక తల్లి, వేలిముద్ర పక్కన ఎవరిచేతో రాయించి పంపింది, "మా అమ్మాయి లైబ్రరీలో కూర్చుంటే మాకు భయం లేదు, వచ్చే దారిలో లైటు వేయించండి" అని. లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా ఉన్న దారిలో లైట్లు లేవన్న సంగతి అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. నాలుగు స్తంభాలు వేశారు, గేటు ఎనిమిదైంది. ఫస్టియర్ వాళ్లకి మాత్రం ఆరు నెలలు ఏడింటికే ఉంచాం. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అందుకే ఈ ఏడు నువ్వు సంతకాల జోలికి పోకుండా, పై క్లాసు అక్కల్లో ఎవరు ఇలాంటివి పట్టించుకుంటారో చూసి పెట్టుకో. ప్రతి హాస్టల్లో ఇద్దరు ముగ్గురు ఉంటారు. రెండో ఫోన్ సలహా ఇచ్చిన వాళ్లు కాదు, వాళ్లు సొంతంగా దారి చూసుకున్నారు కాబట్టి గేటు ఎన్నింటికి మూసినా వాళ్లకి ఒకటే.

మీ నాన్నగారి విషయం. "చెప్పినట్టు విను" అన్నారని బాధపడ్డావు. ఆయన ఆ మాట నీతో అన్నారు, వార్డెన్‌తో ఏమన్నారో నీకు తెలీదు. నాతో ఫోన్లో "కాస్త చూసుకోండి మేడమ్, మొదటిసారి ఇల్లు వదిలింది" అని గొంతు పూడుకుపోయిన తండ్రులు, పిల్ల చేతికి ఫోన్ ఇవ్వగానే గట్టిగా కేకలేయడం ఎన్నోసార్లు విన్నాను. పైగా ఈ రూల్స్‌లో సగం తల్లిదండ్రుల కోసం పెట్టినవే. అడ్మిషన్ల రోజుల్లో వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "గేటు ఎన్నింటికి మూస్తారండీ?" ఎంత తొందరగా మూస్తామంటే అంత సంతోషం. కాలేజీలు అది చూసే బ్రోషర్లలో స్ట్రిక్ట్ డిసిప్లిన్ అని పెద్దక్షరాల్లో వేస్తాయి. కాబట్టి మార్పు ఇంట్లో కూడా మొదలవ్వాలి. నాన్నతో రూల్స్ గురించి వాదించకు. ఆ రోజు ఏ బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డావో, అందరి ముందూ తిడితే నీకు ఎలా అనిపించిందో మాత్రం చెప్పు. కోపం లేకుండా, రాత్రి భోంచేశాక, అమ్మ కూడా స్పీకర్లో ఉన్నప్పుడు.

ప్రైవేటు హాస్టల్ ఆలోచన గురించి క్లుప్తంగా చెబుతాను. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కూకట్‌పల్లి లేడీస్ హాస్టళ్లలో కూడా గేటు ఉంటుంది, రాత్రి పదికో పదిన్నరకో మూస్తారు. అక్కడ నిన్ను ఎవరూ తిట్టరు. నువ్వు రాకపోతే ఎవరూ చూడరు కూడా. శివార్లలో ఉన్న కాలేజీకి అక్కడి నుంచి రోజూ వచ్చిపోవడమంటే రెండు మూడు గంటలు బస్సులోనే పోతాయి. అడ్వాన్సులో ఎంత తిరిగిస్తారో, నెల నోటీసు ఇవ్వాలో రాతలో లేకుండా చేరితే డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. పైగా మీ కాలేజీ హాస్టల్ ఫీజు ఏడాదికి కట్టేసి ఉంటారు, మధ్యలో వదిలితే ఎంత వెనక్కి వస్తుందో ముందు ఆఫీసులో కనుక్కో. నీ జాగాలో నేనైతే ఈ ఏడు కదలను. పైన చెప్పిన ఊరుకోకూడనివి జరుగుతుంటే మాత్రం ఒక్క రోజు కూడా ఉండను.

నువ్వు అడగని విషయం ఒకటుంది, నీ ప్రశ్నంతా చదివాక నాకు అదే ఎక్కువ కనిపించింది. "సాయంత్రం అయితే ఊపిరాడనట్టు ఉంటోంది" అని మధ్యలో ఒక ముక్క రాసి వదిలేశావు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా అన్ని హాస్టళ్లలోనూ అంతే. ఇంట్లో ఆ వేళకి అమ్మ దీపం పెట్టడం, టీ, వీధిలో మాటలు, ఇక్కడ మూసిన గేటూ, ఆరని బట్టలూ. ఆ రెండు గంటలూ గదిలో ఉండకు. మంచం మీద పడుకుని సీలింగు చూస్తే ఎంత గట్టి పిల్లకైనా ఏడుపొస్తుంది. గ్రౌండులో నడువు, షటిల్ ఆడు, ఏదీ లేకపోతే మెస్‌లో మాస్టర్ కూరలు తరుగుతుంటే కూర్చుని కబుర్లు చెప్పు. నేను అలాగే సాంబారు నేర్చుకున్నాను. ఇంటికి ఫోన్ ఆ టైములో చేయకు, భోజనం అయ్యాక చెయ్యి. ఆకలి మీద చేసిన ఫోన్లన్నీ ఏడుపుతోనే ముగుస్తాయి. అమ్మని నువ్వులపొడీ, చెక్కలూ, సున్నుండలూ ఎక్కువగా పంపమను. రూమ్‌లో డబ్బా తెరిచిన పిల్లకి స్నేహితులు లేకపోవడం నేను చూడలేదు. సాధారణంగా దసరా సెలవులకి ఇంటికి వెళ్లి వచ్చేసరికి ఈ బాధ సగం తగ్గుతుంది.

తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, అన్నం సహించకపోతే, బతకడం దేనికి అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, హాస్టల్ రూల్స్ సంగతి పక్కన పెట్టి మనిషితో మాట్లాడు. 14416 టెలీ మానస్, ప్రభుత్వానిదే, ఏ వేళకైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. రాత్రయితే ఫోన్ నీ దగ్గర ఉండదు, అవునా? అయితే వెళ్లి వార్డెన్ తలుపు కొట్టు. ఆవిడే, ఆ తిట్టినావిడే. అర్ధరాత్రి తలుపు కొట్టిన పిల్లని నేను కానీ, నాకు తెలిసిన వార్డెన్లలో ఒక్కరు కానీ ఎప్పుడూ తిట్టలేదు. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కి చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులో తీర్పు ఇస్తూ, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలంది. మీ కాలేజీలో ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో రేపే కనుక్కో. అవసరం పడకముందే కనుక్కుంటే వెళ్లడానికి మొహమాటం ఉండదు.

ఇంకొక్క చిన్న సంగతి. వచ్చే అవుటింగ్‌కి వెళ్లినప్పుడు బట్టల క్లిప్పులు రెండు డజన్లు కొనుక్కుని, ప్రతిదాని మీదా నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టుకో. హాస్టల్లో అన్నిటికన్నా ముందు పోయేవి అవే, వాటి మీద ఏ వార్డెనూ రూలు పెట్టలేదు.